రాజు బొమ్మ లేని రజతోత్సవ బిళ్ళలు

తెలంగాణ తపాలా సర్కిల్ చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ గారికి,
డాక్ సదన్, ఆబిడ్స్, హైదరాబాద్.



మీ శాఖ నుంచి నాకు రావలసిన మనియార్డర్లేమీ లేవు, దారి తప్పిన పార్శిళ్ళూ లేవు. ఈ ఉత్తరం 1937 ఫిబ్రవరిలో ఈ ఊరి తపాలా కార్యాలయాల్లో అమ్మిన నాలుగు బిళ్ళల గురించి. కవర్లో పెట్టి మీ పేరిటే పంపవచ్చు. కానీ నేను అడగబోయే పనిలో మీతో పాటు ఒక ఆసుపత్రి, ఒక విశ్వవిద్యాలయం, రాష్ట్ర ప్రభుత్వం, కొంచెం చరిత్ర మీద పట్టింపు ఉన్న పాఠకులు కూడా ఉన్నారు. అందుకే పత్రికకెక్కించాను.

ఆ నాలుగూ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవం బిళ్ళలు. మీ ఫిలాటెలీ విభాగం వాళ్లకు తెలియనివి కావు. నాలుగు పైల బిళ్ళ మీద యునానీ జనరల్ ఆసుపత్రి, ఎనిమిది పైల బిళ్ళ మీద ఉస్మానియా జనరల్ ఆసుపత్రి, అణా బిళ్ళ మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం, రెండణాల బిళ్ళ మీద జూబిలీ హాలు. నాలుగూ అడ్డంగా ఉంటాయి. ఒక్కోదానిలో బూడిద నలుపుకు తోడుగా ఇంకో రంగు: ఊదా, గోధుమ, నారింజ పసుపు, ఆకుపచ్చ. అపురూపమైనవేమీ కావు. ఏ స్టాంపుల వర్తకుడి దగ్గర అడిగినా దొరుకుతాయి, ఒక మోస్తరు హోటల్లో నలుగురు భోజనం చేసినంత ఖర్చు కూడా కాకపోవచ్చు. అందుకేనేమో వాటిని ఎవరూ పట్టించుకోరు. స్టాంపుల లోకంలో పేరు తప్పులకే వస్తుంది. 1935లో ఐదో జార్జి రజతోత్సవానికి లండన్‌లో వేసిన రెండున్నర పెన్నీల బిళ్ళ రంగు పరీక్ష కోసం ముద్రించిన కొన్ని షీట్లు పొరపాటున మామూలు కట్టల్లో కలిసిపోయి ఎడ్మంటన్ అనే పేటలోని తపాలా కార్యాలయంలో అమ్ముడుపోయాయి. ఆ ముదురు నీలం బిళ్ళ పేరు చెబితే ఇప్పటికీ సేకర్తల కళ్ళు మెరుస్తాయి. మన నాలుగు బిళ్ళల్లో అలాంటి తప్పేమీ దొర్లలేదు పాపం.

భూతద్దం పెట్టి చూస్తే మొదట తట్టే సంగతి ఏమిటంటే, రాజుగారి రజతోత్సవం బిళ్ళల మీద రాజుగారు లేరు. ఆయన బిరుదు ఉంది, ఉత్సవం పేరు ఉంది, ముఖం లేదు. నిజాం నాణేల మీద కూడా అంతే, చార్మినార్ ఉంటుంది గానీ మనిషి బొమ్మ ఉండదు. 1931లో వచ్చిన మామూలు బిళ్ళల్లోనూ చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్, అజంతా గుహల ద్వారం, బీదరు మదరసా, దౌలతాబాదు విజయస్తంభం కనిపిస్తాయి. ప్రభువు కనిపించడు. ఆ రోజుల్లో మిగతా సంస్థానాల తీరు వేరు. జయపూర్ మహారాజు తన రజతోత్సవానికి 1947 చివర్లో బిళ్ళలు వేయించుకుంటే వాటిలో ఆయన బొమ్మ కూడా ఉంది. దేశం స్వతంత్రమై నెలలు గడిచాయి, సంస్థానాలు ఒక్కొక్కటీ కలిసిపోతున్నాయి, అయినా ముచ్చట తీర్చుకున్నాడు.

ఐదో జార్జి సంగతి ఇంకా చిత్రం. 1935 మేలో ఆయన రజతోత్సవానికి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నాసిక్‌లో ఏడు బిళ్ళలు అచ్చు వేయించింది. అర్ధణాకి బొంబాయి గేట్‌వే, తొమ్మిది పైలకి కలకత్తా విక్టోరియా మెమోరియల్, అణాకి రామేశ్వరం గుడి, అణా పావుకి కలకత్తా జైన మందిరం, రెండున్నర అణాలకి తాజ్ మహల్, మూడున్నర అణాలకి అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం, ఎనిమిదణాలకి మాండలే పగోడా. ప్రతిదాని మీదా ఒక పక్కగా చక్రవర్తి తల. గేట్‌వే, విక్టోరియా మెమోరియల్ ఎలాగూ వాళ్ల సొంత ఘనత కోసం కట్టుకున్నవే. మిగిలిన ఐదింటికీ ఐదో జార్జికీ ఏమిటి సంబంధం? షాజహాన్ కట్టించినదీ, సిక్కులు కట్టుకున్నదీ, సేతుపతులు పోషించినదీ వరసపెట్టి తన పక్కన నిలబెట్టుకున్నాడు. మాండలే పగోడా అయితే రెండేళ్లకే బర్మాతో పాటు వేరుపడి పోయింది. కోస్తా, రాయలసీమల్లో మన తాతలు ఉత్తరాలకు అంటించినవి ఆ ఏడు బిళ్ళలే. ఇటు నిజాం ఏలుబడిలోని తెలుగువాళ్లు ఇంకో రెండేళ్లు ఆగి తమ ప్రభువు జూబిలీ బిళ్ళలు అంటించారు. అవి నిజాం రాజ్యం సరిహద్దు దాటితే చెల్లవు. వరంగల్లు నుంచి బెజవాడకు ఉత్తరం రాయాలంటే మళ్ళీ జార్జి బొమ్మ కొనుక్కోవలసిందే. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా ఉండేది. పక్క ఊరికి రాసినా అది పరదేశమే.

జూబిలీల లెక్క కూడా ఈ ఇద్దరికీ ముడిపడే ఉంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టులో. 1936లో పాతికేళ్ల పండుగ జరగాలి. ఆ జనవరిలో ఐదో జార్జి కన్నుమూశాడు. సార్వభౌముడి సంతాప దినాల్లో సామంతుడు బాజాలు మోగించలేడు కదా. అలా వెనక్కి జరిగి జరిగి 1937 ఫిబ్రవరికి వచ్చింది. ఆ నెలలోనే అమెరికా 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా నిజాంను వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని చాటింది. రజతోత్సవ దర్బారుకు వాడిన బంగారు పూత సింహాసనం ఇప్పుడు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉంది. పక్క గదుల్లో రజతోత్సవ కానుకలున్నాయి. వాటిలో నేను ఎక్కువసేపు నిలబడి చూసేవి వెండితో చేసిన భవనాల నమూనాలు. అప్పటికి ఊళ్లో కట్టిన పెద్ద కట్టడాలను బొమ్మరిళ్లలా వెండిలో చేసి తెచ్చి ప్రభువుకు సమర్పించుకున్నారు. బిళ్ళల మీద కాగితంలో చేసినదీ, అక్కడ వెండిలో చేసినదీ ఒకటే ఆలోచన. రాజును పొగడాలంటే ఆయన కట్టించినవి చూపించాలి.

ఆ కట్టించినవాటి వెనుక ఒక వరద ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంటారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, ఏటా సెప్టెంబరులో దాని కింద కొందరు చేరతారు. అది ఆరో నిజాం కాలం. ఆయన కబురంపితే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి నదిని పరిశీలించి, పైన జలాశయాలు కడితే తప్ప ఊరు బతకదని చెప్పారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. నగరాన్ని బాగు చేయడానికి ఏడో నిజాం 1912లో ఒక బోర్డు వేశాడు. కూలిన ఆసుపత్రి జాగాలో, అదే మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రి లేచింది. గీసినవాడు విన్సెంట్ ఎష్. హైకోర్టు, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషను కూడా ఆయన చేతివే. హైదరాబాదుకు రాకముందు ఆయన కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు పర్యవేక్షించాడు. జార్జి తొమ్మిది పైల బిళ్ళనూ, నిజాం ఎనిమిది పైల బిళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు జూబిలీలు, ఇద్దరు ప్రభువులు, రెంటి మీదా చెయ్యిపడ్డ వాస్తుశిల్పి ఒక్కడే. మొదటిది చనిపోయిన రాణి జ్ఞాపకం కోసం, రెండోది జ్వరంతో వచ్చినవాడి కోసం.

విశ్వేశ్వరయ్య గారి పేరు వచ్చింది కాబట్టి మీ శాఖ చేసిన ఒక మంచి పని గుర్తు చేస్తాను. బతికున్నవాళ్ల మీద బిళ్ళ వేయకూడదన్నది మీ నియమం. 1960 సెప్టెంబరు 15న ఆయన నూరో పుట్టినరోజుకు ఆ నియమం పక్కన పెట్టి, ఆయన కళ్ళ ఎదుటే బిళ్ళ విడుదల చేశారు. అంటే మనసుంటే మీవాళ్లు మార్గం వెతుక్కోగలరు.

అణా బిళ్ళ దగ్గరికి వస్తాను. దాని మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం అని రాసి ఉంటుంది. 1937 ఫిబ్రవరికి ఆర్ట్స్ కాలేజీ పూర్తి కానేలేదు. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభం. మధ్యలో బిళ్ళ వచ్చేసింది. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్, మన జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా కలిసి రూపొందించిన ఆ కట్టడం ముందు నేటికీ సినిమావాళ్లు కెమెరా పెట్టని నెల ఉండదు. ఇంగ్లీషు కాకుండా ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పుతానని తెగించిన తొలి విశ్వవిద్యాలయం అది. ఆ భాష ఉర్దూ. ప్రజల్లో సగానికి దగ్గరగా తెలుగు మాట్లాడే రాజ్యంలో తెలుగు పిల్లవాడు వైద్యమూ గణితమూ ఉర్దూలో చదువుకున్నాడు. ఘనత ఉంది, లోటూ ఉంది, రెండూ ఒకే బిళ్ళలో అంటుకుని ఉన్నాయి. బిళ్ళ వచ్చిన మరుసటి ఏడాదే, 1938లో, హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థులను తరిమేశారు. పాములపర్తి వెంకట నరసింహారావు అనే కుర్రవాడు ఆ దెబ్బకే నాగపూర్ వెళ్ళి చదువు పూర్తి చేసుకున్నాడు. తరవాత ఆయన ఏమయ్యాడో మీకు చెప్పనక్కర్లేదు.

అదే విశ్వవిద్యాలయానికి మీ శాఖ కూడా ఒక బిళ్ళ వేసింది. స్వర్ణోత్సవానికి, 1969 మార్చి 15న, ఇరవై పైసలది. తారీఖు చూశారా? తెలంగాణ ఉద్యమం మంటలు రేగిన నెలలవి. క్లాసులు లేవు, ఊరేగింపులున్నాయి, కాల్పులున్నాయి. తపాలా కౌంటరులో మాత్రం విశ్వవిద్యాలయం ప్రశాంతంగా అమ్ముడవుతోంది. స్టాంపుకు ఈ గుణం పుట్టుకతోనే ఉంది. అది ఎప్పుడూ పండుగ బట్టలే కట్టుకుంటుంది.

కాబట్టి నిజాం బిళ్ళలు చూసి మురిసిపొమ్మని నేను చెప్పడం లేదు. అవి చూపనిది చాలా ఉంది. రజతోత్సవ సంవత్సరంలో తెలంగాణ పల్లెల్లో వెట్టి నడుస్తూనే ఉంది. జాగీర్లున్నాయి, దేశ్‌ముఖుల గడీలున్నాయి. నలుగురు కూడి సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి తీసుకోవాలన్న గస్తీ నిషాన్ 53 ఉంది. ఆ నిబంధనల మధ్యనే అదే 1937లో నిజామాబాదులో ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం జరిగింది. మందుముల నరసింగరావు గారు అధ్యక్షులు. జూబిలీ హాలులో ఏం జరిగిందో బిళ్ళ చెబుతుంది, నిజామాబాదులో ఏం జరిగిందో చెప్పదు. పాటిగడ్డ మీద నాగలి పట్టినవాడి శిస్తు లేకుండా మూసీ ఒడ్డున గ్రానైటు లేవలేదన్న మాటా చెప్పదు. ఉస్మానియా ఆసుపత్రి గురించి 'నిజాం దానం' అనేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి, ఖజానా ఎవరి చెమటతో నిండిందో.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. తన పండుగకు ఏ బొమ్మ వేయించుకోవాలో తేల్చుకునే వేళ, ఒక రాజు ఖజానా నగలు వేయించుకోవచ్చు, ఏనుగు అంబారీ వేయించుకోవచ్చు, ఫలక్‌నుమా వేయించుకోవచ్చు. నాలుగింటిలో రెండు ఆసుపత్రులు, ఒక చదువుల గుడి పెట్టించారు. అందులోనూ విలువలు గమనించండి. దర్బారు చేసిన జూబిలీ హాలుకు అన్నింటికన్నా పెద్ద విలువ, రెండణాలు. యునానీ ఆసుపత్రికీ ఉస్మానియా ఆసుపత్రికీ అన్నింటికన్నా చిన్న విలువలు. చిన్న విలువ బిళ్ళే ఎక్కువ చేతుల్లోకి పోతుంది. కావాలని చేశారో కాకతాళీయమో గానీ దర్బారు కంటే దవాఖానాయే ఎక్కువ ఇళ్ళ గడప తొక్కి ఉంటుంది. ప్రజలకు ఏం చూపించుకుంటే మెచ్చుకుంటారో ఆ పాలకులకు తెలుసు. ఆ తెలివిని కాదనలేం.

ఇక ఆ నాలుగు భవనాలూ ఇప్పుడెలా ఉన్నాయి? జూబిలీ హాలుకు ఢోకా లేదు. పబ్లిక్ గార్డెన్స్‌లో సర్కారు సభలు, ప్రమాణ స్వీకారాలు, సన్మానాలు దాన్ని వదలవు. ఆర్ట్స్ కాలేజీ రాష్ట్రానికే గుర్తుగా నిలిచింది. యునానీ ఆసుపత్రి చార్మినార్ పక్కనే నిజామియా జనరల్ ఆసుపత్రి పేరుతో నడుస్తోంది. గాజుల కోసం లాడ్‌బజార్‌కు వచ్చిన వేల మంది దాన్ని ఆనుకునే నడుస్తారు, తలెత్తి చూసేవాళ్లు పదిమంది ఉండరు.

ఎనిమిది పైల బిళ్ళ మీది ఆసుపత్రిదే కష్టం. 2015 నుంచి దాన్ని కూల్చాలా ఉంచాలా అన్న గొడవ. 2020 జులైలో వానకు మురుగునీరు వార్డుల్లోకి వచ్చి మంచాల కింద నిలిచింది. రోగులు ఆ నీళ్లలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్న దృశ్యం దేశమంతా టీవీల్లో చూసింది. వరదలో పోయిన ఆసుపత్రికి బదులుగా కట్టిన ఆసుపత్రి అది. తరవాత పాత భవనం ఖాళీ చేసి తాళం వేశారు. మిగతా బ్లాకుల్లోనే వైద్యం. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. చివరికి 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. పాత భవనాన్ని వారసత్వ కట్టడంగా ఉంచుతారని చెబుతున్నారు. మంచిదే. రోగికి కావలసింది గుమ్మటం కాదు, గాలి వెలుతురు ఉన్న వార్డు, పనిచేసే లిఫ్టు, నీళ్లు వచ్చే కుళాయి. కొత్తది కట్టాల్సిందే. కానీ ఖాళీ అయిన పాత కట్టడాల గతి ఈ ఊళ్లో మనకు కొత్తేమీ కాదు. మొదట తాళం, తరవాత రావిమొక్క, తరవాత ప్రమాదకర భవనమని బోర్డు, ఆ తరవాత ఓ ఆదివారం తెల్లవారుజామున జేసీబీ.

ఇక్కడే మీ పని మొదలవుతుంది.

కొత్త బిళ్ళ కావాలంటే ఢిల్లీ ఒప్పుకోవాలని, ప్రతిపాదన చాలా ముందు పంపాలని, ఫిలాటెలీ సలహా సంఘం చూడాలని నాకు తెలుసు. ఆ దారిన కూడా ఒక కాగితం మీరు పంపండి, ఉస్మానియా జనరల్ ఆసుపత్రి మీద ఒక్క బిళ్ళ వేయమని. రాజు బొమ్మ అడగడం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ అక్కర్లేదు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనే పందొమ్మిదో శతాబ్దపు చివర్లో క్లోరోఫారం మీద ప్రపంచం చెప్పుకునే పరిశోధన జరిగింది. ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. మత్తుమందు ఇచ్చిన తొలితరం మహిళా వైద్యురాలిగా రూపాబాయి ఫర్దూంజీ పేరు చెప్పుకుంటారు. చింతచెట్టు, క్లోరోఫారం సీసా, ఎష్ గీసిన గుమ్మటం, ఈ మూడింట్లో ఏది వేసినా బిళ్ళకు బరువుంటుంది.

ఢిల్లీ సంగతి ఢిల్లీది. స్పెషల్ కవరు మాత్రం సర్కిల్ చేతిలో పనే కదా. నాలుగు జూబిలీ భవనాలకూ నాలుగు కవర్లు, ఒక్కోదానికీ ఆ భవనం రేఖాచిత్రంతో ఒక ముద్ర. ఎడమ పక్క 1937 బిళ్ళ బొమ్మ, దాని కింద నేటి ఫోటో. వెనక పక్కన తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలే ముఖ్యం. 'మహాప్రభువుల దయాదృష్టితో' అని మొదలుపెట్టకండి. 'నిరంకుశుడి కాలంలో' అని కూడా వద్దు. ఎప్పుడు కట్టారు, ఎవరు గీశారు, ఎందుకు అవసరమైంది, అప్పుడు లోపలికి ఎవరు రాగలిగారు, ఇప్పుడు ఎవరొస్తున్నారు, ఇంతవరకే రాయించండి. విశ్వవిద్యాలయం కవరు మీద 1938 ఉండాలి. ఆసుపత్రి కవరు మీద 1908 ఉండాలి, 2020 కూడా ఉండాలి. ఇవి రాస్తే ఎవరికో కోపం వస్తుందని భయపడకండి. ప్రతి సెప్టెంబరు 17కీ ఈ రాష్ట్రంలో మూడు పార్టీలు మూడు పేర్లతో జెండా ఎగరేస్తాయి, ఎవరి కోపం వాళ్లకు ఎలాగూ ఉంటుంది. తారీఖులతో తగవు పడేవాడు లేడు.

దీని మీద ఓ చిన్న పితలాటకం చెప్పాలి. స్పెషల్ కవరు విడుదలంటే మనకు ఒక తంతు ఉంది. వేదిక, దీపం, శాలువా, వరసలో నిలబడి కవరు పట్టుకుని ఫోటో. మర్నాడు కౌంటరుకు వెళ్తే కవరు ఉండదు. ఒకసారి ఇలాంటి కవరు కోసం ఓ తపాలా కార్యాలయానికి పోతే అక్కడి ఉద్యోగి 'అది ఫంక్షన్‌కే వచ్చింది సార్' అన్నాడు. ఆయన తప్పు కాదు, ఆయన కౌంటరుకు రాలేదు అంతే. ఈసారి వేదిక మీద పది తక్కువ పంచినా ఫరవాలేదు. అఫ్జల్‌గంజ్, చార్మినార్, ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంతాల తపాలా కార్యాలయాల్లో ఏడాదిపాటు దొరికేలా చూడండి. ముద్ర కూడా ఒక్క రోజుతో చాలించకుండా శాశ్వత చిత్ర ముద్రగా ఇవ్వండి. ఆసుపత్రికి వచ్చిన రోగి బంధువు ఇంటికి ఒక కార్డు రాస్తే దాని మీద ఆ గుమ్మటం పడాలి. ఈ రోజుల్లో కార్డు ఎవరు రాస్తారని నవ్వకండి, రాసేవాళ్లు ఇంకా ఉన్నారని మీ పోస్ట్‌మ్యాన్‌లను అడిగితే చెబుతారు.

ఇంకొకటి. మీ ఫిలాటెలీ బ్యూరో ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసులోనే ఉంది. నిజాం తపాలా మొదటి బిళ్ళ 1869లో వచ్చింది. 1950 ఏప్రిల్ 1న ఆ వ్యవస్థ భారత తపాలాలో కలిసిపోయింది. ఎనభై ఏళ్ల పైచిలుకు చరిత్ర. ఆ హాల్లో ఒక గోడ, ఒక గాజు పెట్టె, నాలుగు దీపాలు, దానికి కావలసింది ఇంతే. బిళ్ళలు మీరు కొననక్కర్లేదు. ఈ ఊళ్లో దశాబ్దాల తరబడి సేకరించి, వారసులకు ఆసక్తి లేక అల్మారాలో దాచుకున్న పెద్దలున్నారు. గౌరవంగా అడిగితే ఇస్తారు, రసీదు ఇస్తే చాలు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు స్టాంపుల సేకరణ మీద ఉపకార వేతనం ఇచ్చే పథకం, దీన్ దయాళ్ స్పర్శ్ యోజన, మీ దగ్గర ఉంది. ఆ పిల్లలకు చరిత్ర ప్రశ్నలు పెట్టే ముందు ఆ గోడ ముందు నిలబెట్టండి. పటకారుతో అణా బిళ్ళ ఎత్తి చూపి, ఈ భవనం అప్పటికి పూర్తయిందా లేదా అని అడగండి. పుస్తకంలో లేని జవాబు కోసం పిల్లలు వెతుక్కుంటారు. ఆ వెతుకులాటే స్టాంపుల వ్యసనం, మా అందరికీ అలాగే అంటుకుంది.

మరో అనుమానం మీకు రావచ్చు. రాజుల జూబిలీలు మనకెందుకు, మనది గణతంత్రం కదా అని. బెజవాడలో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి 1887లో పునాది వేసిన మ్యూజియం ఉంది. రాణిని ఎవరూ తలుచుకోరు, భవనాన్ని మాత్రం జనం వదులుకోలేదు, ఇప్పుడది బాపు మ్యూజియం. ఏ ఉత్సవానికి కట్టారన్నది మరుగున పడి, ఎవరికి పనికొచ్చిందన్నది మిగిలింది. ఉస్మానియా ఆసుపత్రిలో పుట్టినవాళ్లు, చచ్చి బతికినవాళ్లు, అక్కడే చదివి అమెరికాలో, బ్రిటన్‌లో వైద్యం చేస్తున్న తెలుగు డాక్టర్లు ఎంతమందో. ఆ భవనానికి నిజాంతో ఉన్న చుట్టరికం కంటే వాళ్లతో ఉన్నదే దగ్గరిది. మీరు వేసే కవరు వాళ్ల కోసం.

గోషామహల్‌లో కొత్త ఆసుపత్రి పూర్తయి, అఫ్జల్‌గంజ్ నుంచి చివరి వార్డు తరలే రోజు వస్తుంది. తేదీ ప్రభుత్వం ముందుగానే ప్రకటిస్తుంది. ఆ రోజు ఉదయం పది గంటలకు పాత ఆసుపత్రి ఆవరణలో, చింతచెట్టు దగ్గర, మీ సిబ్బంది చేత ఒక బల్ల, ముద్ర, ఇంకుప్యాడ్ పెట్టించండి. మంత్రులను పిలవకపోయినా ఫరవాలేదు. అక్కడ పనిచేసిన ఆయాలను, వార్డు బాయ్‌లను, నర్సులను పిలిచి మొదటి ముద్రలు వాళ్ల కవర్ల మీద వేయించండి. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, మీ సంతకం చాలు. ఆ సంతకం చేయమనే ఈ ఉత్తరం.

ఇట్లు,
హైదరాబాద్ బిళ్ళలు సేకరించే ఒక నగరవాసి